పక్కింటి అక్క రెండు పాదాలు

లింబాయత్‌లో మేమున్న గల్లీ, నా చిన్నప్పుడు, ఎంత ఇరుకంటే ఎదురుగా సైకిలు వస్తే మనం ఎవరి గడపలోకో ఎక్కి నిలబడాలి. ఆ గల్లీలో వరసగా పన్నెండు గదులు. గదిని అక్కడ ఖోలీ అంటారు. వాటిలో తొమ్మిది మా తెలుగువాళ్ళవే. అందరూ జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి సాంచాల పనికి సూరత్ వచ్చినవాళ్ళు. కరెంటు మగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. పగలూ రాత్రీ ఆ సాంచాల చప్పుడు ఆగేది కాదు. ఎప్పుడైనా కరెంటు పోయి ఆగితే పిల్లలం నిద్రలోంచి లేచి కూర్చునేవాళ్ళం. ఇది చెబితే నా మనవరాలు నమ్మదు.

ఆ గల్లీలోనే నా ఎడమ కాలు పోయింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. దారం చుట్టిన ఇనుప బీము ఒకటి తోపుడు బండి మీద నుంచి జారి దొర్లుకుంటూ వచ్చింది. పిల్లలందరూ గడపల్లోకి ఎగిరారు. నేనొక్కదాన్నే జారిపోయిన చెప్పు కోసం వంగాను. మోకాలి కింద జానెడు ఉంచి మిగతాది డాక్టర్లు తీసేశారు. ఈ సంగతి విన్నవాళ్ళంతా అయ్యో అంటారు. నాకేమో ఇన్నేళ్ళయినా ఆ చెప్పు మీదే కోపం.

ఏడాది తిరగకుండానే కొత్త కాలు పెట్టించారు. మా బాపు రెండు పాళీల పని మానుకుని నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. పాళీ అంటే షిఫ్టు. కొలతలు తీసి, పట్టీలు బిగించి, నిలబెట్టి నడిపించారు. దానికి రబ్బరు పాదం. ఆ పాదానికి ఐదు వేళ్ళు, వేళ్ళకు గోళ్ళ గీతలు కూడా ఉన్నాయి. మొదటి వారం గోడ పట్టుకుని నడిచాను, రెండో నెలకల్లా బడికి నడిచాను. తొక్కుడు బిళ్ళ ఆటలో నన్ను గెలిచేవాళ్ళు లేరు. ఒంటికాలి మీద గెంతడం అంతకుముందు ఏడాదంతా నేను చేసిన పనే కదా, ఇంకొకరికి ఎలా వస్తుంది?

అయితే కొత్త కాలుతో ఇంటికి వచ్చిన రోజే మా బాపు ఒక మాట అన్నాడు. "నడుస్తే ఈడనే ఉండి బడికి పో బిడ్డా. మల్ల పుండ్లు, నొప్పులు అంటే నాతోని కాదు. మీ అమ్మమ్మ దగ్గరికి ఊరికి పంపుత." కోపంతో అన్న మాట కాదది. బాపు సాంచాల దగ్గర, అమ్మ పక్క కార్ఖానాలో దారం కండెలు చుట్టే పని దగ్గర. మంచాన పడ్డ పిల్లను ఒక్క ఖోలీలో ఎవరు చూస్తారు? అమ్మమ్మ మంచిదే, ఊరూ మంచిదే. కానీ అక్కడికి పంపిన పిల్లలు మళ్ళీ సూరత్ రావడం నేను చూడలేదు. ఎదురింటి పిల్ల అలాగే వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆ మాట నా చెవుల్లో అలా ఉండిపోయింది.

కాలు తొడుక్కునే ముందు మిగిలిన మొండికాలికి ఒక మేజోడు వేయాలి. రెండు తెల్లని నూలు మేజోళ్ళు ఇచ్చారు. ఒకటి ఉతికినప్పుడు ఒకటి వేసుకోవాలి. వర్షాకాలంలో ఒకటి నీళ్ళలో కొట్టుకుపోయింది, ఇంకొకటి చినిగిపోయింది. అప్పుడు మా అమ్మ తన చేత్తో కొత్తది కుట్టింది. బాపు పనిచేసే కార్ఖానాలో మిగిలిన చీర ముక్క, గులాబీ రంగు, దాని మీద బంగారు పూలు. చేత్తో ముట్టుకుంటే జారిపోయేంత నున్నన. మధ్యాహ్నం తిండి మానుకుని, చిన్న చిన్న కుట్లతో, లోపలి అంచు తగలకుండా మడిచి మరీ కుట్టింది. దాన్ని తొడుక్కుని నేను గల్లీ అంతా తిరిగి చూపించి వచ్చాను. లోపల ఉండే మేజోడును ఎలా చూపించావని అడగకండి. ప్రతి గడపలో కూర్చుని కాలు విప్పి చూపించాను.

వారం తిరిగేసరికి మొండికాలి ముందు భాగంలో చర్మం ఎర్రబడింది. ఇంకో నాలుగు రోజులకు బొబ్బ లేచింది, తర్వాత అది పగిలింది. అడుగు వేస్తే కారం రాసినట్టు మంట. నేను ఎవరికీ చెప్పలేదు. రోజూ సాయంత్రం అమ్మ కాలు విప్పడానికి వస్తే, నేనే విప్పుకుంటాను, పెద్దదాన్నయ్యాను అన్నాను. అమ్మ మురిసిపోయింది. నేను గోడ వైపు తిరిగి కాలు విప్పి, తడిసిన మేజోడును గబగబా నీళ్ళలో ముంచి పిండేసేదాన్ని. పగలు చేతి రుమాలు మడిచి లోపల పెట్టుకునేదాన్ని. దాంతో ఇంకా ఒరుసుకుపోయింది. ఊరికి పంపుతారన్న భయం ఒకటైతే, అమ్మ కుట్టింది బాగాలేదని చెప్పడానికి నోరు రాకపోవడం ఇంకొకటి. తొమ్మిదేళ్ళ పిల్లకు రెండూ కొండంత బరువే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పక్క ఖోలీలోకి ఒక అక్క దిగింది. కొత్తగా పెళ్ళయిన మనిషి, కోరుట్ల వైపు అమ్మాయి. ఆమె భర్తా సాంచాల పనే. ఆమె తెల్లవారి నల్లా దగ్గర మూడు బిందెలు నింపుకుని, వంట చేసి, మా అమ్మతో పాటే కండెల పనికి వెళ్ళేది. చీర కుచ్చిళ్ళు పాదాల దాకా జీరాడేవి. నడకలో ఏ తేడా లేదు. ఎక్కువ మాట్లాడేది కాదు కానీ, మాట్లాడితే నవ్వకుండా నవ్వించేది.

ఆ శ్రావణ శుక్రవారం సాయంత్రం మా అమ్మ గల్లీలోని ఆడవాళ్ళను పిలిచి పసుపు బొట్టు ఇచ్చింది. మా వైపు వచ్చిన ముత్తయిదువల పాదాలకు పిలిచినావిడే పసుపు రాస్తుంది. అమ్మ గిన్నె పట్టుకుని ఒక్కొక్కరికీ రాస్తూ వచ్చి పక్కింటి అక్క ముందు కూర్చుంది. అక్క గిన్నె చేతిలోంచి తీసుకుంది. "నువ్వు నాకంటె పెద్దదానివి వదినె, నా కాళ్ళు నువ్వు పడ్తవా? నేనే రాసుకుంట" అంది. రెండు పాదాలకూ మడమ దాకా ఒత్తుగా రాసుకుంది. రెండు పాదాలకూ మెట్టెలున్నాయి. పెద్దవాళ్ళ మీద ఎంత గౌరవమో అని మా అమ్మ తర్వాత నాలుగు ఇళ్ళలో చెప్పింది.

నేను మాత్రం నా కుడి పాదానికే రాసుకున్నాను. రబ్బరుకు పసుపు ఎందుకు?

సోమవారం ఏదో సెలవు. పిల్లలు తొక్కుడు బిళ్ళ ఆడుతున్నారు. నేను గడప మీద కూర్చుని, నాకు ఆడాలని లేదని చెప్పాను. కార్ఖానాలో దారం తక్కువ వచ్చి, కొత్తగా చేరిన అక్కకు ఆ పూట పని లేదు, అమ్మ ఒక్కతే వెళ్ళింది. ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని బియ్యం ఏరుతూ చాలాసేపు నా వంకే చూసింది. తర్వాత చాట పక్కన పెట్టి నన్ను పిలిచింది. వెళ్ళాను. తన ఖోలీలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఒక పందెం ఏస్కుందామా పిల్లా?" అంది. నేను ఏం పందెమని అడిగాను. "నా రెండు కాళ్ళల్ల ఒకటి నాది కాదు. ఏదో చెప్పు. సరిగ్గ చెప్తివా, నువ్వడిగింది వండి పెడ్త. తప్పు చెప్తివా, నేను ఏది చూపియ్యమంటె అది చూపియ్యాలె."

వేళాకోళం అనుకున్నాను. అక్క మాత్రం నవ్వడం లేదు. కుచ్చిళ్ళు చీలమండల పైకి ఎత్తి పట్టుకుని, అటు గోడ దాకా నడిచింది, ఇటు పొయ్యి దాకా నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు రెండు అడుగులు కుడి కాలితో కుంటింది కూడా. నేను నేల మీద బోర్లా పడుకుని రెండు పాదాలనూ చూశాను. రెండూ ఒకే రంగు, రెండిటికీ మెట్టెలు. ఒక్కటే తేడా. ఎడమ పాదం మీద శుక్రవారం నాటి పసుపు ఇంకా పచ్చగా ఉంది. కుడి పాదం మీద మాత్రం వెలిసిపోయి, గోళ్ళ మూలల్లో తప్ప ఎక్కడా కనబడడం లేదు.

నాకు దొరికేసిందనుకున్నాను. పసుపు చర్మానికి పడుతుంది, రబ్బరుకు నిలవదు. పైగా కుడి కాలే కుంటింది. కుడిది, అని గట్టిగా చెప్పాను. నాకు సర్వపిండి కావాలని కూడా చెప్పాను.

అక్క పీట మీద కూర్చుని ఎడమ మోకాలి పైన పట్టీ విప్పింది. ఎడమ కాలు ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. మెట్టెతో, పసుపుతో సహా. "స్నానం చేస్తె చర్మం మీది పసుపు పోతది. దీనికి స్నానం ఏడిది? రాసింది రాసినట్టే ఉంటది. నాలుగు దినాలు పసుపు ఉందంటె అది రబ్బరే" అంది. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పేదాన్ని అంది.

నాలాంటి మనిషిని అప్పటివరకు నేను చూడలేదు. ఆ కాలుతో బిందెలు మోస్తుంది, పెళ్ళి చేసుకుంది, బస్సు ఎక్కి ఇంత దూరం వచ్చింది, గల్లీలో ఎవరికీ అనుమానం రాలేదు. నాకు ఏడుపు వచ్చింది. సంతోషం వల్లే వచ్చింది. ఇంకా కన్నీళ్ళు తుడుచుకోకముందే అక్క చెయ్యి చాపింది. "ఓడిపోయినవ్ కద. ఇప్పుడు నీ కాలు ఇప్పి చూపియ్యి."

అప్పుడు తెలిసింది పందెం ఎందుకు పెట్టిందో. వద్దన్నాను. కడుపు నొస్తుందన్నాను. అమ్మ పిలుస్తుందన్నాను. అక్క కదలలేదు. చెయ్యి అలా చాపే ఉంచింది. చివరికి విప్పాను. గులాబీ మేజోడు పుండుకు అతుక్కుపోయి ఉంది. అక్క నీళ్ళు పోసి నానబెట్టి, మెల్లగా, చాలా మెల్లగా ఊడదీసింది. పుండును చూసి తిట్టలేదు, అయ్యో అనలేదు. మేజోడును పిండి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, వెలుతురుకు పట్టి చూసింది. ఇది పాలిస్టరు, చెమటను తాగదు, చెమట లోపలే నిలిచి చర్మాన్ని నాన్చేసింది అని చెప్పింది.

ఇంట్లో మేము రోజూ వాడేది ఏదీ నూలుది కాదని నాకు అప్పుడు తట్టింది. దుప్పటి, కర్టెను, నా గౌను, అమ్మ చీర, అన్నీ మా బాపు నేసే గుడ్డే. సూరత్‌లో మా అందరి అన్నం ఆ గుడ్డలోంచే వచ్చేది. అది మంచిది కాదని మా అమ్మకు ఎలా తడుతుంది? చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే నున్ననిది, అన్నిటికంటే అందమైనది ఏరి నా కాలికి కుట్టింది.

చెప్పొద్దని అక్క కాళ్ళు పట్టుకున్నాను. ఒక కాలు అప్పటికి గోడకు ఆనించి ఉంది కాబట్టి ఒక్క కాలే దొరికింది. ఊరికి పంపేస్తారని, అమ్మ ఏడుస్తుందని అన్నీ చెప్పేశాను. అక్క అంతా విని, "నేను చెప్ప. నువ్వే చెప్పు. నేను పక్కన కూసుంట" అంది. తర్వాత తన కథ రెండు మాటల్లో చెప్పింది. చిన్నప్పుడు ఆమె కూడా ఇలాగే ఒక పుండును దాచిందట. అది లోపలికి పోయి, మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇంకో రెండు వేళ్ళ మందం కోశారట. "మోకాలు మిగిలింది కాబట్టి నడుస్తున్న. మోకాలు పోతె అప్పుడు జూడు కష్టం. కాలు దాస్కో, ఎవరు అడగరు. నొప్పి మాత్రం ఇంట్లోల్లకు దాయకు" అంది.

సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చింది. అక్క అన్న మాట ప్రకారం నా పక్కన కూర్చుంది, నోరు తెరవలేదు. నేను కాలు చూపించాను. అమ్మ ముందు పుండును చూసింది, తర్వాత గులాబీ మేజోడును చూసింది. చెప్పాల్సిన పని లేకపోయింది. తన చేతులను ఒడిలో పెట్టుకుని వాటివంకే చూస్తూ ఏడ్చింది. నేను ఇన్ని రోజులు భయపడింది ఆ ఏడుపుకే. వచ్చింది, కాసేపటికి ఆగింది కూడా. ఆగుతుందని నాకు అంతకుముందు తెలియదు.

ఏడుపు ఆగాక అక్క మొదటిసారి మాట్లాడింది. "అన్న పాత పంచె ఏమన్న ఉందా వదినె? ఎంత పాతదైతె అంత మంచిది." అంటూనే తన చీర కొంచెం పైకి తీసి, మోకాలి దగ్గర తాను వేసుకున్న మేజోడు అంచు చూపించింది. అది ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డతో కుట్టింది. మా అమ్మ తన జీవితంలో అంత ఆశ్చర్యపోయింది ఆ రోజే అనుకుంటాను. శుక్రవారం గిన్నె ఎందుకు లాక్కుందో కూడా అప్పుడే అర్థమై, ఏడ్చిన కళ్ళతోనే నవ్వింది. ట్రంకు పెట్టె అడుగు నుంచి బాపు ఊరి నుంచి తెచ్చుకున్న నూలు నేత పంచె తీసి చింపింది. ఇద్దరూ కూర్చుని మూడు మేజోళ్ళు కుట్టారు. అక్క చెబుతుంటే అమ్మ కుట్టింది. కుట్టు బయటికి, నునుపు లోపలికి.

బాపు పాళీ దిగి వచ్చేసరికి తీగ మీద తన పంచె ముక్కలు ఆరుతున్నాయి. ఏంది ఇదని అడిగాడు. నేనే చెప్పాను. బాపు నా ముందు గొంతుక్కూర్చుని మొండికాలిని రెండు చేతుల్లోకి తీసుకుని చూశాడు. ఎన్ని దినాల నుంచి అన్నాడు. పదిహేను అన్నాను. ఎందుకు చెప్పలేదన్నాడు.

"చెప్తె ఊరికి పంపుతనంటివి కద."

బాపు లేచి తీగ మీది పంచె ముక్కలను తిప్పి ఆరేశాడు. మనిషి గట్టివాడు, మాటకు తిరుగుండేది కాదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. "చెప్తె పంప. చెప్పకపోతె పంపుత" అన్నాడు.

మర్నాడు అక్క, అమ్మ కలిసి నన్ను దవాఖానాకు తీసుకెళ్ళారు. రెండు వారాలు కాలు తొడుక్కోవద్దన్నారు. ఆ రెండు వారాలూ నన్ను బడికి మా బాపు సైకిలు మీద దింపాడు. పాళీ ముందు దింపి, పాళీ మధ్యలో తన సాంచాలను పక్కన పనిచేసే అతనికి అప్పగించి వచ్చి నన్ను ఇంటికి తెచ్చేవాడు. సాయంత్రాలు పక్కింటి అక్క గడపలో నాకు ఇంకో బడి. చీకటి పడకముందే ఆమె బయట కూర్చుని కాలు విప్పేది. మొండికాలిని సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, గడ్డం గీసుకునే చిన్న అద్దాన్ని కిందుగా పట్టుకుని వెనక వైపు కూడా చూసుకునేది. ఎరుపు ఎక్కడుందో, ఎంత సేపట్లో పోతుందో నాకు చెప్పించేది. మేజోడు రోజూ ఉతకాలి, పూర్తిగా ఆరాలి, ముడత పడకుండా తొడగాలి. గల్లీ పిల్లలంతా చుట్టూ మూగేవాళ్ళు. ఆమె ఎవరినీ పొమ్మనేది కాదు. ఒకసారి ఒకడు ఆ కాలును ఎత్తుకుని పరిగెత్తితే, ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళి వాణ్ణి పట్టుకుని మరీ తెచ్చుకుంది.

పుండు మానింది. మళ్ళీ నడిచాను, మళ్ళీ గెలిచాను. ఏడాదిన్నర తర్వాత అక్క భర్తకు సూరత్ అవతలి శివారు ఇచ్ఛాపోర్ దగ్గర ఫ్యాక్టరీలో పని దొరికి వాళ్ళు అటు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు వస్తూ పోతూ ఉండేవాళ్ళం, తర్వాత తగ్గిపోయింది. నాకు పెళ్ళయి సూరత్‌లోనే బమ్రోలికి వచ్చాక ఆమె జాడ దొరకలేదు. వెతికాను. ఇంకా అడుగుతూనే ఉంటాను.

ఎదిగే వయసులో ఏడాదికో, రెండేళ్ళకో కాలు మారుస్తూ వచ్చాను. ఇప్పుడున్నది తేలిక, లోపలి మెత్తని తొడుగు కూడా వేరే రకం, అక్క చూస్తే ముట్టుకుని ముట్టుకుని చూసేది. బమ్రోలిలో నాకు చిన్న తిండి దుకాణం ఉంది. జొన్న రొట్టెలు, సర్వపిండి, పచ్చి పులుసు. సాంచాల వాళ్ళు వస్తారు, ఈ మధ్య తెలుగు డాక్టరు పిల్లలు, కంప్యూటరు పిల్లలు కూడా వస్తున్నారు. తెల్లవారి ఐదింటి నుంచి పెనం ముందు నిలబడతాను. కూరగాయలకు స్కూటీ మీద నేనే వెళతాను. ఇన్నేళ్ళలో సాయంత్రం కాలు విప్పి అద్దంలో చూసుకోని రోజు లేదు. నొప్పి ఉంటే ఇంట్లో ఎవరు ముందు కనిపిస్తే వాళ్ళకు చెబుతాను. కోడలికి చెబుతాను, పాలవాడికైనా చెబుతాను. మా వాళ్ళు దీన్ని సణుగుడు అంటారు. అననీ.

పోయిన ఎండాకాలం చాలా ఏళ్ళ తర్వాత చర్మం ఒరుసుకుపోయింది. పది రోజులు దుకాణం మూయాల్సి వచ్చింది. మా అబ్బాయి షట్టరు మీద కట్టడానికి అట్టముక్క తెచ్చి, ఏం రాయాలో తనే ఆలోచించి పెట్టుకున్నాడు. "ఊరికి పోయినమని రాస్తనమ్మా. తినేటోళ్ళకు పుండు గిండు అని ఎందుకు చెప్పాలె? జర మంచిగుండది" అన్నాడు. వాడు చెప్పిందీ నిజమే. అందరూ అలాగే రాస్తారు. నేను మాత్రం ఆ అట్టముక్క వాడి చేతిలోంచి తీసుకున్నాను. తొమ్మిదేళ్ళప్పుడు నోరు తెరిచి చెప్పినందుకే కదా నేను ఊరికి పోకుండా ఇక్కడ ఉండిపోయాను.

ఊరికి పోలేదని వాడితో అన్నాను. తెలుగులో, హిందీలో, గుజరాతీలో మూడు వరసలు వాడి చేతే రాయించాను. ఇక్కడే ఉన్నాను, కాలు నొస్తున్నది, తగ్గగానే తెరుస్తాను అని.